చెరపడానికి రబ్బరు లేని లెక్క

నోటిలెక్కలు చేస్తున్న కూతురి జవాబు విని, కుట్టుమిషను తొక్కుతున్న తల్లి ఆగింది. చదువులేని నువ్వు బడి మీటింగుకు వస్తే నవ్వుతారని పొద్దున ఆ పిల్ల అన్న మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

“రెండు పాయింట్ ఏడు, ఒకటి పాయింట్ ఐదు కలిపితే మూడు పాయింట్ పన్నెండు!”

“అవి మీటర్లనుకో. అలా కత్తిరిస్తే కర్టెను కిటికీ సగంలోనే వేలాడుతుందే తల్లీ.”

“అయితే నువ్వు చెప్పు, కాగితం లేకుండా.”

“మొదటి ముక్క మూడవడానికి ఎంత కావాలి?”

“పాయింట్ మూడు.”

“రెండో ముక్కలోంచి అప్పివ్వు. అక్కడెంత మిగిలింది?”

“ఒకటి పాయింట్ రెండు. అంటే... నాలుగు పాయింట్ రెండు! నీకెవరు నేర్పారమ్మా?”

“కత్తెర. తప్పు కత్తిరిస్తే చెరపడానికి రబ్బరుండదుగా.”

“రేపు మీటింగుకి నాన్నొద్దు. నువ్వే రా.”

“నవ్వితేనో?”

“నవ్వినవాళ్లకి ఈ లెక్కే ఇస్తా. కాగితం లేకుండా.”