చీపురుపల్లిలో రైలు లాగిన స్టాండు

సాలూరు బైపాసు మీద దేముడమ్మ టీ కొట్టు ముందు ఆ పొద్దున ఒక సామాన్ల ఆటో ఆగింది. వెనక గోనెసంచుల మీద వ్యాను ఇంజను, దాని పక్కన పాల్. రోగుల్ని ఆసుపత్రులకి తిప్పే వ్యాను అతనిది. కిందటిసారి ఇంజను బాగుచేయించి, తిప్పి చూడకుండా బండికి బిగించేశాడు. అది కొండ ఎక్కే ఘాటీ రోడ్డు మధ్యలో పట్టేసి ఆగిపోయింది. లోపల నెలలు నిండిన మనిషి. ఎవరో లారీవాళ్లు పుణ్యం కట్టుకుని ఆమెని ఆసుపత్రికి చేర్చారు. ఆ రోజు పడ్డ భయం పాల్‌కి ఇంకా పోలేదు. ఈసారి ఇంజను బయటే తిరగాలి, తన చెవులతో వినాలి, ఆ తర్వాతే బండికి బిగించాలి.

దిగి టీ తీసుకుని, ఇంజను ఎక్కించి తిప్పే స్టాండు ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరుందని అడిగాడు. లారీ ఓనరు తిరుమలరావు, పక్కనే టీ తాగుతున్న కొండబాబుని చూపించాడు. చూపించాక, ఎందుకు చూపించానా అన్నట్టు తల గోక్కున్నాడు.

కొండబాబు గ్లాసు కింద పెట్టాడు.

"స్టాండా? సరైన మనిషి కాడికే వచ్చినావు, కూకో. కొన్నది కాదురా అది, నా సేత్తో నాను సేసింది. పాతినప సామాన్ల కొట్టులో నాలుగు యాంగిలు ముక్కలు ఏరినాను, అడ్డంగా రెండు పట్టీలు యేసినాను, కింద పాత తోపుడుబండి చక్రాలు, ముందర రేడియేటరు, పక్కన బ్యాటరీ, పైన డీజిలు డబ్బా. మజ్జానం మొదలెడితే పొద్దు గూకేతలికి అయిపోనాది. ఇంజను ఎక్కించి తాళం తిప్పినాను. ఒక్క తిప్పుకే అందుకున్నాది. ఎంత మెత్తగా తిరిగిందంటే, నిండు టీ గ్లాసు దాని నెత్తి మీద పెడితే బొట్టు తొణకలేదు."

ఇంతవరకూ బాగానే ఉందనుకుని పాల్ కొంచెం ముందుకి జరిగాడు.

"అక్కడితో ఆగితే నాను కొండబాబుని ఎందుకవుతాను? ఇంకొంచెం రేజింగు ఇచ్చి జోరు పెంచినాను. ఫేను గాలికి మా వీధిలో ఆరేసిన బట్టలన్నీ లేచిపోనాయి. ఏ ఊర్లో పడ్డాయో తెలుసా? నెల్లిమర్లలో. జూటుమిల్లు కాడ షిఫ్టు దిగినోళ్లు ఏరుకుని, మడతలెట్టి, బస్సులో పంపించినారు. మా ఎదురింటామె సీర మాత్రం రాలేదు. ఆవిడ ఇప్పటికీ నాతో మాటాడదు."

ఆవిడ మాట్లాడనిది చీర గురించి కాదేమోనని తిరుమలరావు అన్నాడు. కొండబాబు వినిపించుకోలేదు.

"ఆ తర్వాత ఏటైందో తెలుసా? స్టాండు నడక మొదలెట్టీసింది. ఆపుదామని ఎగిరి దాని మీద కూకున్నాను. అది ఆగుతాదేటి? తిన్నగా ఘాటీ ఎక్కీసింది. ముందర ఇనుము లోడు లారీ ఒకటి ఎక్కలేక మూలుగుతన్నాది. ఎనకనుండి ఒక్క తోపు తోసినాను, ఒడిసాలో ఎల్లి పడ్డాది. డ్రైవరు దిగి దండమెట్టినాడు. నాను తిరిగి సూసుకుందును కదా, టీ గ్లాసు అలగే ఉన్నాది."

"టీ చల్లారిపోలేదా బావా?" అన్నాడు తిరుమలరావు.

"ఇంజను మీదున్న టీ ఎలగ సల్లారుతాది? బుర్ర పెట్టి మాటాడు. అక్కడనుండి దిగి, మరి బ్రేకుల్లేవు కదా, సీపురుపల్లి టేసను కాడ తేలినాను. అక్కడ రైలింజను ఫెయిలై, జనం పట్టాల మీద కూకుని ఉసూరుమంటన్నారు. టేసనుమాస్టరు నా స్టాండుని కిందనుండి పైదాకా సూసినాడు. బాబూ, నువ్వే దిక్కన్నాడు. లారీ తాడు కట్టినాను, గేరు లేకండానే లాగినాను. ఇజీనారం టేసను దాకా అన్ని పెట్టెలూ లాక్కెళ్లి నిలబెట్టినాను. టైముకంటే ముందే ఎల్లిపోనామని టిక్కెట్టు కలెక్టరు కోప్పడ్డాడు కూడాను. ఇంటికొచ్చి డీజిలు డబ్బా మూత తీస్తే ఏటున్నాదనుకున్నావు? పోసినదానికంటే ఎక్కువున్నాది."

పాల్‌కి రైలు సంగతి ఎక్కలేదు. కానీ యాంగిలు ముక్కలు, పట్టీలు, రేడియేటరు అన్నీ సరిగ్గా చెప్పాడు కదా, స్టాండు మాత్రం నిజమే అయివుంటుందని అతని ఆశ.

"రైలు అక్కర్లేదు మావా. నా ఇంజను ఒక్క పూట తిరిగితే చాలు. ఆ స్టాండు ఎక్కడుందో చెప్పు, ఇప్పుడే ఎక్కిద్దాం."

కొండబాబు ఆటోలో ఉన్న ఇంజను వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ స్టాండు ఇప్పుడు తన దగ్గర లేదనీ, విశాఖపట్నం నుంచి ఓడలవాళ్లు వచ్చి, ఓడ ఇంజన్లు తిప్పి చూసుకోడానికి బతిమాలి పట్టుకుపోయారనీ చెప్పాడు.

అంతవరకూ టీ వడపోస్తున్న దేముడమ్మ, పొయ్యి ముందు వేలాడుతున్న గోనెపట్టా పైకెత్తింది.

"ఓడలోళ్లు కాదు నాయినా, నానే పట్టుకొచ్చినాను. ఇదిగో, నా పొయ్యి దీని మీదే ఉన్నాది. ఇంజను ఎక్కించగానే ఓ పక్కకి ఒరిగిపోనాది, తాళం తిప్పేదాకా ఎక్కడ? ఈ బాబు కాలు సితికిపోతే, కట్టు కట్టుకుని నెల దినాలు ఇక్కడే కూకున్నాడు. ఆ రైలు అప్పుడు బయల్దేరిందే."

అందరూ వంగి చూశారు. నాలుగు యాంగిలు కాళ్లు, అడ్డంగా రెండు పట్టీలు. ఒక కాలు పొట్టిదై, దాని కింద ఇటుక ఉంది. దేముడమ్మ పాలగిన్నె దించిపెడితే మొత్తం ఒకసారి ఊగింది.

కొండబాబు గొంతు సవరించుకున్నాడు. "ఇది అది కాదు. దాని తమ్ముడు."

పాల్ లేచి గ్లాసు బల్ల మీద పెట్టాడు. అతనికి నవ్వూ వచ్చింది, పొద్దున్నే ఇంత దూరం వచ్చినందుకు ఉసూరూ అనిపించింది.

"అయితే మావా, ముందు ఈ తమ్ముడి చేత పాలగిన్నె తిన్నగా మోయించు. ఇంజను సంగతి ఆ తర్వాత చూద్దాం" అని ఆటో ఎక్కాడు.