కొస పట్టే చేయి

మా నాయన లేపాక్షి వీరభద్రస్వామికి టెంకాయ మొక్కి, అది తీర్చకుండానే కిడ్నీ జబ్బుతో పోయాడు. తర్వాత అదే జబ్బు నాకూ, నా కూతురు త్రివేణికీ వచ్చింది. ఇది స్వామి కోపమేనా అన్న అనుమానం నన్ను ఏళ్లుగా వదల్లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం, మగ్గం నుంచి దించిన చీరను ఇద్దరం చెరో కొస పట్టుకుని మడత పెడుతున్నాం.

“డాక్టరమ్మ నీకేం చెప్పింది పాపా?”

“మన ఒంట్లో ఒక ప్రోటీన్ మడత తప్పుతాండాది నాయనా. తప్పిందాన్ని కణం బయటికి పోనీదు. అది లోపలే కుప్ప పడి కిడ్నీ చెడతాది.”

“మడత చెడిన చీరను సావుకారు కొనకుండా తిప్పి పంపినట్ల.”

“ఆ. మడత కుదిరేదాకా పట్టుకునే ప్రోటీన్లు కూడా లోపలే ఉండాయంట.”

“ఇప్పుడు నువ్వు కొస పట్టినట్లా? మన ఒంట్లోనా? ఎవరు పెట్టినారే వాటిని!”

“నీ స్వామినే అడుగు. వాటికి చేయి సాయంగా ఉండే మందు కోసం వెతుకుతాండారు. ఇంకా మనదాకా రాలేదు. నా కాలానికి రావచ్చు అనింది డాక్టరమ్మ.”

చీర నా చేతుల్లోనే ఆగిపోయింది.

“శపించేవాడైతే ఇంత సాయం లోపల పెట్టింటాడా పాపా?”

“అయితే టెంకాయ వద్దా?”

“ఇప్పుడే కావాల. ముందే భయంతో ఇచ్చింటే అది తప్పుకు జుల్మానా కట్టినట్ల అయ్యుండు.”

సోమవారం లేపాక్షిలో మా నాయన పేరు చెప్పి టెంకాయ కొట్టాను. ఒక చిప్ప త్రివేణి పట్టుకుంది.