నాలుగో కొండ

టిరోల్‌లో ఒక లోయ. అక్టోబరు ఆఖరి శనివారం, పదకొండుంబావు. మంచు కొండల సీజన్ పాసులిచ్చే గదిలో అద్దానికి ఇవతల ఫిలొమేనా, ఆమె భర్త సెరాఫిన్. అవతల గుమస్తా ఆఫ్రా.

"మూడు రాసేశాను మాస్టారూ. హోఖ్‌ఫెర్నర్, గ్రాట్‌కోగెల్, వాల్డెగ్. నాలుగోది?"

"జోన్‌బెర్గ్."

"ష్వార్జెక్."

"ఒక్కటే చెప్పాలక్కా. నిరుటిలా అన్నీ తిరగడానికి లేదు, ఈ ఏడు ఇంటికి నాలుగు కొండలే. ఆయనకొకటి, నీకొకటి రాస్తానంటే ఈ కంప్యూటర్ ఒప్పుకోదు."

"ష్వార్జెక్ రాయి ఆఫ్రా. ఆయన మాట పట్టించుకోకు."

"జోన్‌బెర్గ్ రాయమ్మా."

"పన్నెండు కొడితే ఈ ధర పోతుంది. వెనకాల జనం గుమ్మం దాటారు. అదిగో, ఆ బల్ల మీద కూర్చుని తేల్చుకు రండి. మీ కాగితం పక్కన పెడతాను."

"తేల్చుకునేదేం లేదు."

"అదే నేనూ అంటున్నాను. రా, కూర్చో."

"కూర్చున్నాను. చెప్పు."

"నువ్వు చెప్పు. జోన్‌బెర్గ్ ఎందుకు?"

"ఎండ బాగుంటుంది."

"ఎండా? ముప్ఫయ్యేళ్ళు ఈ లోయ పిల్లలకి స్కీ నేర్పావు. ఆ కొండని ఏమనేవాడివి?"

"ఏమనేవాణ్ణి?"

"నువ్వే చెప్పు."

"ఏదో అనుంటాను."

"ఆవుల మేత అనేవాడివి. కునుకు తీస్తూ దిగొచ్చు అనేవాడివి. ముసలమ్మలు అల్లిక సూదులు పట్టుకుని ఎక్కే కొండ అనేవాడివి. మా చిన్నాన్న అక్కడికెళ్ళాడని తెలిసి భోజనాల దగ్గర ఎంత నవ్వావు!"

"వయసొచ్చింది మేనా. మోకాలు..."

"మోకాలికి గ్రాట్‌కోగెల్ అడ్డం రాలేదే! లోయలోకెల్లా నిటారు కొండ. ముందు దానికే టిక్కు పెట్టించావు."

"అది అలవాటు."

"మరి ఇది?"

"ఇది... ఎండ."

"సరే. నాలుగు కొండలు ఎలా ఎంచుకోవాలో ఊరందరికీ చెప్తున్నావుగా? నాకూ చెప్పు మాస్టారూ, పాఠం వింటాను."

"ఇప్పుడెందుకు?"

"చెప్పు."

"ఒకటి ఎత్తైనది, మే దాకా మంచు నిలిచేది. ఒకటి నిటారుది, కాళ్ళ పొగరు దించేది. ఒకటి అడవి ఉన్నది, తుపాను పట్టినా చెట్ల ఆనవాలుతో దిగేది."

"నాలుగోది?"

"నాలుగోది వెడల్పుది."

"వెడల్పుది, ఇంకా? సగంలో ఆపుతావేం?"

"ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళేది."

"అంటే ష్వార్జెక్. నీ సూత్రమే."

"మనకి ఇంటిల్లిపాదీ ఎక్కడుందిలే. మనమిద్దరమే."

"ఆ మాట నువ్వనకు సెరాఫిన్. ఎవరన్నా పరవాలేదు, నువ్వనకు."

"సరే, అనలేదు. ష్వార్జెక్‌లో తోపులాట. జర్మనీ బస్సులన్నీ అక్కడే దిగుతాయి."

"జోన్‌బెర్గ్‌లో ఫిబ్రవరికే గడ్డి కనిపిస్తుంది."

"మార్చి దాకా ఉంటుంది."

"నీకు బాగా తెలుసే!"

"ఎవరో అన్నారు."

"ఎవరు?"

"ఎవరో."

"అంత ఎండ కావాలంటే ఒకరోజు టికెట్టు కొనుక్కుని వెళ్ళిరా."

"ఒకరోజు చాలదు."

"ఆఁ?"

"అంటే... ఎండ ఒకరోజుతో చాలదు కదా, ఒంటికి."

"సెరాఫిన్, నేను ఏప్రిల్లో మన పాసు ఖాతా తెరిచి చూశాను."

"ఏం ఖాతా?"

"కార్డు ఏ గేటు దగ్గర ఎన్నింటికి మోగిందో అన్నీ ఉంటాయి అందులో. ఈ ఏడు ఏ కొండలు పనికొస్తాయో చూద్దామని తెరిచాను. అందుకే. ఇంకోటి కాదు."

"అయితే?"

"గురువారాలు. పదకొండు గురువారాలు. జోన్‌బెర్గ్ కేబుల్ కారు, పొద్దున తొమ్మిదీ నలభై. ఒక్కసారి ఎక్కావు. రెండోసారి లేదు. ఏ గురువారమూ లేదు."

"మంచు బాగోలేదు."

"పదకొండు గురువారాలూనా? బాగోలేని కొండ కోసం ఇప్పుడెందుకు పట్టు?"

"ఎండ..."

"ఎండ మాట ఇంకోసారి ఎత్తావంటే లేచి వెళ్ళిపోతాను. అక్కడికి నువ్వు పట్టుకెళ్ళే పాత జత స్కీలు నేనే నేలమాళిగలో పెట్టాను. డిసెంబరులో అడుగున రాసిన మైనం ఏప్రిల్లో అద్దంలా ఉంది. దాని మీద ఒక్క గీత లేదు. నువ్వు స్కీ మీద దిగలేదు. బుద్ధిగా కేబుల్ కారు పెట్టెలో కూర్చుని ఎక్కావు, పెట్టెలోనే కూర్చుని దిగావు. మధ్యలో నాలుగు గంటలు ఏం చేశావు?"

"పైన ఫలహారాల బంగళాలో కూర్చుంటాను."

"ఒక్కడివే?"

"జనం ఉంటారుగా."

"గురువారం పొద్దున్నే గడ్డం గీస్తావు. ఆదివారం చర్చికి కూడా గీయవు. ఎవరికి గుచ్చుకుంటుందని?"

"చల్లగాలికి..."

"చల్లగాలికి గడ్డం పెంచుతారు."

"ఏప్రిల్ నుంచి ఇదంతా కడుపులో పెట్టుకున్నావా? ఆరు నెలలు?"

"నువ్వే చెప్తావని చూశాను. చెప్పలేదు. అయితే ఇదిగో, ఇదీ చూడు."

"ఏంటది?"

"నీ కోటు జేబులో దొరికింది. కళ్ళద్దాలు పెట్టుకో. ఆ బంగళా చీటీ. చదువు."

"ష్మార్న్ ఒకటి."

"ష్మార్న్ అట్టు ఎంతమందికి వేస్తారు?"

"ఒక పెనం."

"ఇద్దరికి తక్కువైతే పెనం పొయ్యెక్కించరు. ఏ బంగళాలోనైనా అంతే, మా అమ్మమ్మ కాలం నుంచీ. ఇంకా చదువు."

"బీరు ఒకటి."

"అది నువ్వు. తర్వాత?"

"వేడి చాక్లెట్ పాలు."

"మీగడతో. పాల వాసనకే ముక్కు మూసుకునే మనిషివి నువ్వు. ఎవరు తాగారు సెరాఫిన్, ఆ పాలు? పెనంలో రెండో సగం ఎవరు తిన్నారు?"

"గట్టిగా అరవకు. వరసలో లుట్జ్ కుటుంబం చూస్తోంది."

"చూడనీ. వాళ్ళకి ముందే తెలిసి ఉంటుంది. ఇలాంటివి ఆఖరున తెలిసేది ఇంటిదానికేగా."

"నువ్వనుకునేది కాదు."

"నేనేమనుకుంటున్నానో నీకెలా తెలుసు?"

"మొహంలో కనిపిస్తోంది."

"అయితే చెప్పు. అది కాకపోతే ఏది?"

"ఇక్కడ చెప్పేది కాదు."

"ఇంటి దగ్గర ఆరు నెలలు టైముంది. అక్కడా చెప్పేది కాలేదు. చిన్నదా?"

"ఆఁ?"

"వయసు. నా కంటే చిన్నదా?"

"...చిన్నదే."

"దేవుడా! ఒప్పుకుంటున్నాడు కూడా."

"మేనా, నీ నోటికి తాళం ఉండదు. పోనీ, నేనూ ఒకటి అడుగుతాను. మంగళవారాలు నువ్వెక్కడికెళ్తావు?"

"చర్చిలో పూలు మార్చడానికి."

"పూలు మార్చడానికి, కొండెక్కేందుకు నడక స్కీల అడుగున కట్టే తోళ్ళెందుకు తడుస్తాయి? ప్రతీ మంగళవారం సాయంత్రం స్నానాల గదిలో తీగ మీద వేలాడుతుంటాయి. తల తుడుచుకుందామంటే మొహానికి తగులుతాయి."

"డాక్టరు కొండెక్కి నడవమన్నాడు."

"ఏ కొండ?"

"అడవి దారి."

"ఏ అడవి? మూడు వైపులా అడవే."

"మాట మార్చకు."

"నడిచి ఎక్కేవాళ్ళకి గేటు లేదు, కార్డు మోగదు. నా లెక్క నువ్వు ఖాతాలో చూస్తావు. నీ లెక్క నేనెక్కడ చూడను?"

"నాకు లెక్కలేం లేవు చూడ్డానికి."

"ముందటేడు ఆగస్టులో మీ అక్కకి ఆపరేషనని మూడు రోజులు వెళ్ళావు. మొన్న పెళ్ళిలో, కడుపు నొప్పి తగ్గిందా వదినా అంటే, ఏం నొప్పి అంది."

"మా అక్క మతిమరుపు మనిషి."

"కడుపు కోయించుకున్నది కూడా మర్చిపోతుందా?"

"నీ దొంగతనం పట్టుకుంటే నా మీదకి తిప్పుతున్నావు. ఇదీ పాఠమేనా మాస్టారూ? ఇదే పిల్లలకి నేర్పావా?"

"సరే, ఒక్కటి చెప్పు. జోన్‌బెర్గ్ వద్దని నీకెందుకంత పట్టు? ఫలానాది వద్దని నువ్వెప్పుడూ అనలేదు. ముప్ఫయ్యేళ్ళు నేను ఏ కొండకి పదమంటే దానికే వచ్చావు."

"ఎందుకంటే... నీకు తెలియదా? ఆ కొండ నడుమ ఎవరుంటున్నారో తెలియదా?"

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"స్లెడ్జి బళ్ళు అద్దెకిచ్చే ఇల్లు. ఎవరుంటున్నారు అక్కడ? పేరు చెప్పు. నేను చెప్పకూడదుగా. ఆ పేరు ఈ ఇంట్లో వినపడకూడదని అన్నం ముందు కూర్చుని అన్నది నువ్వేగా."

"మేనా..."

"జనవరి వస్తే మూడేళ్ళు. స్కీ పందెం పది రోజులుందనగా స్కీలు కింద పెట్టి, నాకు కడుపు వచ్చింది నాన్నా అంది. పందెం పోయిందే అన్నావు. పిల్లనేమన్నా అడిగావా? పందెం పోయిందన్నావు. నా గడప నువ్వు తొక్కొద్దు, నీ గడప నేను తొక్కను అన్నావు."

"తొక్కలేదు."

"ఆహా, మాట మీద నిలబడ్డావు. అలాంటి పిల్ల ఇంటి మీంచి, దాని కిటికీ ముందునుంచి, గురువారం గురువారం పెట్టెలో కూర్చుని పైకెళ్ళి, ఎవరితోనో పాలు, మీగడ! దానికి కనిపిస్తావన్న సిగ్గన్నా లేదా? నన్ను మోసం చేస్తే చేశావు. అది ఉన్న కొండ మీదే చెయ్యాలా?"

"మాస్టారూ! అక్కా! పదకొండూ యాభై రెండు! లుట్జ్ వాళ్ళది అయిపోయింది. ఇంక మీ కాగితమే."

"వస్తున్నాం ఆఫ్రా. సెరాఫిన్, చివరిసారి అడుగుతున్నాను. పెనంలో రెండో సగం తిన్నదెవరో పేరు చెప్పు. లేదా ష్వార్జెక్ అను. ఏదో ఒకటి."

"ష్వార్జెక్ అంటే వదిలేస్తావా?"

"వదిలేస్తాను. మళ్ళీ అడగను."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

"ష్వార్జెక్ అంటే... ఏప్రిల్ నుంచి ఇప్పటికే ఆరు నెలలు. నడిచి ఎక్కుదామంటే ఈ మోకాలు సగం దూరం కూడా రాదు. ఇంకో చలికాలం అంటే, మళ్ళీ ఎక్కేసరికి..."

"ఎక్కేసరికి?"

"గుర్తుపట్టదు."

"ఎవరు?"

"పద, అక్కడే చెప్తాను."

"ఊఁ, తేలిందా మాస్టారూ? నాలుగోది?"

"జోన్‌బెర్గ్. రాయమ్మా."

"అక్కా, రాయనా? ఇద్దరూ సంతకం పెట్టాలి మరి."

"రాసుకోనీ. ఇంకేం మిగిలిందని."

"రాశాను. ఇద్దరివీ కార్డులు పాతవే పనికొస్తాయి. ఇంకేమైనా?"

"ఇంకో కార్డు కావాలి. పిల్లలది. ఆరేళ్ళ లోపు ఉచితం కదా, మాతో ఉంటే?"

"ఉచితమే. కానీ మీ ఇంట్లో పిల్లలెవరున్నారు మాస్టారూ?"

"మా అమ్మాయి కూతురు."

"ఏమన్నావు సెరాఫిన్?"

"రోసీనా కూతురు. గడ్డం గుచ్చుకుంటే ఏడుస్తుంది. ష్మార్న్‌లో ఎండుద్రాక్ష ఏరి నా పళ్ళెంలో పడేస్తుంది. పాలు తాగి మీగడంతా నా చొక్కాకి తుడుస్తుంది. అదే నీ రెండో సగం."

"రోసీనా... రోసీనాతోనా? నువ్వు?"

"క్రిస్మస్ అయ్యాక కబురు పంపాను. నీ గడప తొక్కనన్నాను కాబట్టి తొక్కను, నా గడప తొక్కొద్దన్నాను కాబట్టి రావొద్దు, పైన బంగళా ఎవరి గడపా కాదు అన్నాను. గురువారం గురువారం పిల్లని ఎత్తుకుని పైకొస్తుంది. మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోం. పిల్లని చూస్తూ కూర్చుంటాం. అమ్మకి చెప్పకు అన్నాను. మూడేళ్ళు నీ నోరు నొక్కేసి, ఇప్పుడు ఏ మొహంతో చెప్పను? నాలుగోది ఇంటిల్లిపాదీ వెళ్ళేదే అయ్యుండాలి మేనా. నా సూత్రం తప్పలేదు."

"అక్కా, కూర్చుంటావా? కుర్చీ ఇవ్వనా?"

"వద్దు. రాసుకో నువ్వు."

"పిల్ల పేరు, మాస్టారూ?"

"ఫిలొమేనా."

"అక్క పేరు కాదు, పిల్ల పేరు."

"పిల్ల పేరే. నీ పేరే పెట్టింది మేనా. నీకు తెలియదు."

"పదకొండూ యాభై ఎనిమిది. పుట్టినరోజు చెప్పండి, తొందరగా. అది లేందే కార్డు రాదు."

"పుట్టినరోజా? అదీ... ముందటేడు. వేసవిలో. తారీఖు నాకు తెలియదమ్మా. అడగడానికి మొహం చెల్లలేదు."

"తారీఖు లేకపోతే ఎలా మాస్టారూ, రెండు నిమిషాలే ఉంది!"

"ఆగస్టు ఏడు, ఆఫ్రా. పొద్దున అయిదూ ఇరవై. బొడ్డు కోసింది నేనే."