ఫ్లోరా ముట్టని కాఫీ

బిట్రగుంట రైల్వే కాలనీ. ఆదివారం ఆరాధనకు ఇంకా గంటన్నర ఉంది. బోగోలు నుంచి మొదటి ఆటోకే వచ్చేసిన ఫ్లోరా, చెల్లెలు కరుణాకుమారి వంటింట్లో కూర్చుంది. కాఫీ అంటే ప్రాణం పెట్టే మనిషి, ఎదురుగా ఉన్న గ్లాసు ముట్టలేదు.

"ముఖం ఇంత ఉబ్బిందేంది మే? మాట కూడా ముద్దగా వస్తా ఉండాది."

"నిద్ర చాలక. కాఫీ తాగక్కా, చల్లారిపోతాది."

"తాగుతాలే. మాత్ర మానేసినావంట గదా? మీ ఆయన ఫోన్లో ఏడ్చినాడు."

"ఆయనకి విశ్వాసం తక్కువ."

"మానేసినావా లేదా?"

"మానేసినా. నువ్వు వేసుకుంటా ఉండావా?"

"నా సంగతి వేరే. నాకు థైరాయిడ్ గడ్డ ఉన్న పక్క సగమే కోసినారు. నీకు మొత్తం తీసేసినారు మే! మాత్ర లేకుంటే నీ ఒంట్లో థైరాయిడ్ పని చేసేదానికి ఏముండాది?"

"ప్రభువు ఉండాడు. మైకు పట్టుకోని నువ్వే గదా చెప్పినావు, మాత్రతో పన్లేకుండా దేవుడు నన్ను నిలబెట్టినాడని! చర్చి అంతా చప్పట్లు. వెనక కూర్చోని నేను ఎంత ఏడ్చినానో."

"సగమే కోసినారని అప్పుడు చెప్పలేదు మే నేను..."

"అక్కకొక దేవుడు, చెల్లికొక దేవుడా? ఇద్దరికీ అదే క్యాన్సర్. నీకేమో పాట తిరిగొచ్చె. నాకేమో బొంగురు గొంతు, వేళ్ళు తిమ్మిర్లు. పొద్దన లేస్తానే 'నువ్వు రోగిష్టివి' అని గుర్తుచేసేది ఆ మాత్రే. ఈరోజు నేనూ సాక్ష్యం చెప్తా. పాస్టరు గారికి చెప్పేసినా."

"చెప్పబాక! నీ మాట విని ఇంకొకరు మానేస్తారు."

"నీ మాట విని నేను మానినట్టా?"

"అందుకే గదా మొదటి ఆటోకే వచ్చినా."

"సరే సరే, పాటల పుస్తకం ఇయ్యి. నీ సంచిలో ఉండాదా?"

"నేను తీస్తాలే, నువ్వు తియ్యబాక..."

"ఇదేందక్కా, నా మాత్రల డబ్బా?"

"నీ కోసమే తెచ్చినా."

"సగం వాడేసిన డబ్బానా? నాది నూరు పవరు మాత్ర. దీని మీద యాభై అని ఉండాదే."

"కరుణా..."

"నువ్వెప్పట్నుంచి వేసుకుంటా ఉండావు?"

"సాక్ష్యం చెప్పిన రెండు నెలలకే. మిగిలిన సగం చాలడం లేదన్నాడు డాక్టరు. అంతమంది చప్పట్లు కొట్టినాక ఎవరితో చెప్పేది?"

"కాఫీ ముట్టనిది అందుకేనా?"

"పరగడుపున వేసుకోవాల గదా. నీ ముందర ఎట్టా వేసుకునేది?"

"ఈరోజు మైకు పట్టుకోని ఈ మాట నువ్వు చెప్తావా?"

"చెప్తా."

"అయితే ఉండు. నా డబ్బా బీరువాలో ఉండాది. రెండు గ్లాసులు నీళ్ళు తెస్తా."