టాలివర్ గారి ఇల్లు

ఒహాయోలో ఒక పట్నం, కిన్‌రోస్ వీధి, అక్టోబరు నెల ఉదయం. తన ఇంటికి ఎదురుగా, వీధికి అవతలి పక్కన ఆపిన పాత కారులో ఎల్బర్ట్ టాలివర్. పక్క సీటులో గృహ సలహా కేంద్రంలో పనిచేసే రెనెటా.

"కొంచెం కిందికి జారి కూర్చోండి టాలివర్ గారూ."

"ఎందుకు?"

"కనిపిస్తున్నారు."

"పుట్టిందగ్గర్నుంచి ఈ వీధిలో కనిపిస్తూనే ఉన్నాను. ఇవాళ కొత్తగా కనిపిస్తున్నానా?"

"నేనేం చెప్పాను మీకు? ఊరవతల ఎక్కడైనా కాఫీ తాగుతూ కూర్చోండి, పనయ్యాక ఫోన్ చేస్తాను అన్నానా లేదా?"

"అన్నావు. నేను లేకపోతే నా ఇల్లు ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. చచ్చాక చూడ్డం కుదరదు కదా."

"చూశారుగా. ఇక పోదాం."

"ఇంటికి విలువ కట్టడానికి బ్యాంకు పంపేవాడు ఇంకా రానే లేదు. పాపం వాల్ట్ ఒక్కడే ఉన్నాడు లోపల. నా కుర్చీలో గాని కూర్చున్నాడా ఏంటి?"

"కూర్చోనివ్వండి. ఇవాళ్టికి ఆయనే టాలివర్."

"ఆకుపచ్చ స్వెట్టర్ వేసుకున్న టాలివర్. తెల్ల టాలివర్."

"ఫొటోలన్నీ దించేశారా?"

"దించాను. మా అమ్మ చర్చిలో తెల్ల చేతి తొడుగులేసుకుని నిలబడింది, అది. మా నాన్న మిలిటరీ బట్టల్లో ఉన్నది. మా పెళ్ళి ఫొటో. అన్నీ దుప్పట్లో చుట్టి డిక్కీలో పెట్టాను. మా వంశమంతా మన వెనకాలే ఉంది అమ్మాయీ, ఎవరైనా వచ్చి గుద్దితే అందరం ఒకేసారి పోతాం."

"మీ ఆవిడ?"

"లొరెయిన్ డిక్కీలో పట్టలేదు. వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది. తన ఫొటో దించిన మేకుకి వాల్ట్ ఫొటో తగిలిస్తుంటే చూడలేనంది. చూశావా ఆ ఫొటో? చేతిలో ఇంత చేప పట్టుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వాడికంటే ఆ చేపే నయం, కాస్త సిగ్గుపడుతోంది."

"వంటింట్లో క్యాలెండర్?"

"ఏ క్యాలెండర్?"

"అంత్యక్రియలు జరిపించే ఫ్యూనరల్ హోం వాళ్ళు ఏటా ఇస్తారే, అది. మన నల్లవాళ్ళ ఇళ్ళల్లో తప్ప ఇంకెక్కడా ఉండదది."

"తీసేశాను."

"చర్చి విసనకర్రలు?"

"తీసేశాను."

"బాత్రూంలో మీ తలనూనె డబ్బా? టాలివర్ గారూ?"

"అద్దం వెనక అల్మారాలో ఉంది. వాడు ఇల్లు చూడ్డానికొస్తున్నాడా, తల దువ్వుకోడానికొస్తున్నాడా?"

"నవ్వకండి. పోయినేడు ఒకావిడ మీలాగే అన్నీ సర్దింది. ఫ్రిజ్ మీద మనవరాలు గీసిన బొమ్మ మరిచిపోయింది. ముదురు గోధుమ రంగు పెన్సిల్‌తో వేసింది ఆ పిల్ల, మొహానికి. అంతే. ధర మళ్ళీ కిందికే."

"చేపల వాసన కూడా లేకుండా చేశాం కదా. శుక్రవారం చేపలు వేయించడం మానేశాం నీ మాట మీద. అదేం శుక్రవారమని లొరెయిన్ నాతో మాట్లాడ్డమే మానేసింది."

"ఇంకాసేపు ఓర్చుకోండి."

"ఒకటడుగుతాను. నీ శనివారం క్లాసులో మొదటి పాఠం ఏంటి?"

"ఇప్పుడెందుకది?"

"చెప్పు. అద్దం ముందు నిలబడి 'ఇది నా ఇల్లు' అని గట్టిగా చెప్పండి, బ్యాంకు వాళ్ళ ముందు నోరు పెగలాలి కదా అన్నావు. అందరి చేతా అనిపించావు. నా చేత కూడా."

"అవును."

"మరి ఇవాళ్టి పాఠం?"

"ఇవాళ్టిది మాది కాదు, వాల్ట్ వాళ్ళ సంఘానిది. ఇల్లు కొనుక్కోవడం, నిలబెట్టుకోవడం మేం నేర్పిస్తాం. రంగు చూసి ఎవరికెక్కడ అన్యాయం చేశారో వాళ్ళు పట్టుకుంటారు. ఇద్దరం కలిస్తేనే పని."

"బాగుంది. ఒకళ్ళు నిలబడమంటారు, ఒకళ్ళు దాక్కోమంటారు. మధ్యలో నా నడుం పోతోంది."

"నడుం సంగతి తర్వాత. మొదట వచ్చినవాడు ఎంత విలువ కట్టాడు మీ ఇంటికి?"

"మూలింటి ధరలో సగం. ఆ ఇల్లూ నా ఇల్లూ ఒకే మేస్త్రీ కట్టాడు. అదే ఇటుక, అవే కిటికీలు. వాళ్ళ వంటిల్లు నా దానికంటే చిన్నది కూడా."

"ఆ సగం చూసి బ్యాంకు ఏమంది?"

"ఈ ఇంటి మీద పైకప్పు మార్చడానికి అప్పు ఇవ్వనంది. తెలిసిందే మళ్ళీ అడుగుతావేంటి. మంచు కురిస్తే తిన్నగా లొరెయిన్ మంచం మీదే పడుతుంది."

"మీకు గుర్తుండాలని. ఇవాళ వచ్చేది వేరే మనిషి, పంపిన బ్యాంకు వేరు. తెల్లవాళ్ళ ఇల్లనుకుని ఈయన సరైన ధర కట్టాడనుకోండి, ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వాల్ట్ వాళ్ళు కేసు వేస్తారు. మీ పైకప్పుకి అప్పు వస్తుంది. కానీ ఈయన గడప దాటి వెళ్ళేదాకా ఆ ఇల్లు మీదని తెలియకూడదు. తెలిసిందా, అంతా నీళ్ళపాలు. అదిగో, నీలం కారు. వచ్చాడు. జారండి, జారండి."

"జారాను. ఏం చేస్తున్నాడు?"

"గుమ్మం ముందు బూట్లు తుడుచుకుంటున్నాడు."

"మొదటివాడు తుడుచుకోలేదు."

"వాల్ట్‌తో చెయ్యి కలిపాడు. నవ్వుతున్నారిద్దరూ."

"మొదటివాడు నాకు చెయ్యివ్వలేదు. నా చేతిలో కాగితం పెట్టి సంతకం చెయ్యమన్నాడు."

"ఇంటి పక్కకి వెళ్తున్నారు. మీ పియర్ చెట్టు దగ్గర ఆగారు. వాల్ట్ ఏదో చెప్తున్నాడు."

"మా తాత వేసిన చెట్టని చెప్తుంటాడు. మా నాన్న వేశాడురా దాన్ని."

"ఎల్బర్టూ."

"అయిపోయాం. వెర్లీనత్త."

"ఒరేయ్ ఎల్బర్టూ, ఇక్కడ ఒరిగిపోయావేంట్రా? గుండెల్లో నొప్పా? ఈ పిల్లెవరు?"

"ఏం నొప్పి లేదత్తా. నువ్వు ఇంటికి వెళ్ళు."

"ఎలా వెళ్తాన్రా? పక్కింట్లోనే కదా ఉండేది. మీ ఇంట్లో ఎవడో తెల్లవాడు దూరాడు. ఆకుపచ్చ స్వెట్టర్. తాళం చెవితో తీసి మరీ దూరాడు. ఇప్పుడు తోడుకి ఇంకొకణ్ణి పిలుచుకొచ్చాడు. టేపు పెట్టి గోడలు కొలుస్తున్నారు."

"తెలుసత్తా. ఆకుపచ్చ స్వెట్టర్ మా స్నేహితుడే."

"నీకు తెల్ల స్నేహితుడా? ఎప్పట్నుంచి?"

"మంగళవారం నుంచి. అత్తా, ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికి చెప్తాను? ఎవరికీ చెప్పలేదు. పోలీసులకు ఫోన్ చేశానంతే. అలా చూస్తావేంట్రా? వీధి సంఘం ప్రెసిడెంటుని నేను. కొత్త మొహం ఎవరింట్లోనైనా దూరితే వెంటనే ఫోన్ చెయ్యాలని రూలు పెట్టింది ఎవరు? నువ్వే కదూ."

"నేనే. అమ్మాయీ, వీధిలో అందరికీ ముందే చెప్పేద్దామన్నాను. ఎవరికీ చెప్పొద్దన్నది ఎవరు?"

"నేనే. వెర్లీన్ గారూ, మీ చేతిలో ఫోనుందా? రావద్దని చెప్పండి, దయచేసి."

"ఇంకెక్కడ, వచ్చేశారుగా. ఆశ్చర్యంగా ఉంది. మా అబ్బాయి కారు పోతే మర్నాడొచ్చారు వీళ్ళు."

"ఫోన్‌లో ఏం చెప్పావత్తా?"

"ఉన్నదే చెప్పాను. తెల్లవాడు, ఆకుపచ్చ స్వెట్టర్. సరిగ్గా వినపడిందో లేదోనని మళ్ళీ చెప్పాను. తెల్లవాడు, ఆకుపచ్చ స్వెట్టర్."

"మరి ఆ పోలీసు ఇటు నడుస్తున్నాడేంటి?"

"చేతులు స్టీరింగ్ మీద పెట్టండి టాలివర్ గారూ. కనపడేలా."

"పెట్టే ఉన్నాయమ్మాయీ. అవి పెట్టడానికి నీ క్లాసు అక్కర్లేదు."

"ఏయ్. ఏం చేస్తున్నావిక్కడ?"

"కూర్చున్నాను సార్."

"ఇలా కిందికి జారా? ఎవర్ని చూస్తున్నావు?"

"ఎవర్నీ లేదు సార్. ఇల్లు చూస్తున్నాను."

"ఇల్లు చూస్తున్నావా."

"బాబూ, ఫోన్ చేసింది నేను. నేను చెప్పింది ఇతని గురించి కాదు, నేను చెప్పిందీ..."

"మీరు పక్కకి జరగండమ్మా. నువ్వు గుర్తింపు కార్డు తియ్యి. నెమ్మదిగా."

"ఆఫీసర్ గారూ, ఒక్క నిమిషం, గొంతు తగ్గించి మాట్లాడుకుందాం. నేను గృహ సలహా..."

"మీ చేతులు కూడా పైన పెట్టండి మేడం. అడిగినప్పుడు చెబుదురుగాని. ఎల్బర్ట్ టాలివర్. కిన్‌రోస్ వీధి... ఈ నంబరు ఎదురుగా ఉన్న ఆ ఇల్లే కదా?"

"అవును సార్."

"అది నీ ఇల్లా?"

"కొంచెం మెల్లగా అడగండి సార్. వరండాలో వాళ్ళు ఇటే చూస్తున్నారు."

"అది నీ ఇల్లా అని అడుగుతున్నాను."

"టాలివర్ గారూ."

"వింటున్నానమ్మాయీ. కాదు సార్."

"కాదా? మరి కార్డు మీద ఆ అడ్రసెందుకుంది?"

"అక్కడే ఉంటాను సార్. కింది గదిలో. అద్దెకి."

"అద్దెకా? ఎల్బర్టూ, మతి గాని పోయిందా? మీ నాన్న..."

"అత్తా, నీకు దణ్ణం పెడతాను, ఊరుకో."

"సార్, వరండాలో ఉన్నాయన, మిమ్మల్నే. ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఈ మనిషి మీకు తెలుసా?"

"తెలుసండీ. కింద ఉంటాడు. మంచివాడు."

"తమరి పేరు సార్?"

"టాలివర్."

"టాలివరా? ఇతనూ టాలివరే. ఏంటయ్యా, మీరిద్దరూ చుట్టాలా?"

"కాదు సార్. మా ముత్తాతని వాళ్ళ ముత్తాత కొనుక్కుని ఉంటాడు. కొన్నవాడి ఇంటిపేరే కదా సార్ మావాళ్ళకి పెట్టేవాళ్ళు. అలా కలుస్తుంటాయి."

"సరే. ఇదిగో కార్డు. ఇంకెప్పుడూ ఇలా ముడుచుకుని కూర్చోకు. చూసేవాళ్ళకి బాగుండదు. పాపం ఆ ఇంటాయనకి చెడ్డపేరు."

"అలాగే సార్. ఈసారి ఇంటాయన్ని అడిగి కూర్చుంటాను."

"వరండాలో ఉన్న సార్, వస్తానండీ టాలివర్ గారూ. ఇల్లు చాలా బాగుంది."

"పంపించేశాం. ఇక ఊపిరి పీల్చుకోండి. బాగా చెప్పారు. నిజంగా."

"వాణ్ణి కార్డు అడగలేదు."

"ఎవర్ని?"

"వాల్ట్‌ని. పేరేంటి అన్నాడు. టాలివర్ అన్నాడు. అయిపోయింది. ఇంత సులువా అమ్మాయీ టాలివర్ అవడం? నేనింతకాలంగా అవుతున్నాను, ఒక్కసారి కూడా ఇంత తొందరగా అవలేదు."

"వెనక తలుపు తియ్యరా, కూర్చుంటాను. హమ్మయ్య. ఇప్పుడు చెప్పండి, ఏంటీ నాటకం?"

"మొదటివాడు నన్ను చూసి ఇంటికి సగం ధర కట్టాడత్తా. రెండోవాడు వాల్ట్‌ని చూసి ఎంత కడతాడో చూస్తున్నాం. అంతే నాటకం."

"ఆ ముక్క నాకు ముందే చెబితే నీ నోరేమైనా అరిగిపోయేదా? సరే, అది వదిలెయ్యి. మీ నాన్న ఈ ఇల్లు కొన్నప్పుడు బ్యాంకు వాళ్ళు గుమ్మంలోంచే పంపేశారు, తెలుసా నీకు? అమ్మినవాడికే నెలనెలా కట్టుకున్నాడు. ఒక్క నెల తప్పితే ఇల్లూ పోతుంది, అప్పటిదాకా కట్టిందీ పోతుంది. అదీ ఒప్పందం. తప్పనివ్వలేదు. అప్పు తీరి ఇంటి పత్రం చేతికొచ్చిన రోజు అదిగో, ఆ వరండాలోనే నిలబడి, మొదట్నుంచి చివరిదాకా పెద్ద గొంతుతో చదివాడు. వీధంతా వినాలని. నేను ఇక్కడే నిలబడి విన్నాను. ఆయన కడుపున పుట్టి, అదే వరండా వైపు చూస్తూ, కింది గదిలో అద్దెకుంటున్నానన్నావు."

"ఆయన చదివింది వీధంతా విన్నది. బ్యాంకు వినలేదు కదత్తా. ఏడవకు. నూనె డబ్బా దాచినందుకే నాకు ఏడుపొచ్చింది, ఇద్దరం ఏడిస్తే మళ్ళీ ఎవరో ఫోన్ చేస్తారు."

"ఆగండి, విలువ కట్టేవాడు బయటికొచ్చాడు. వెళ్తున్నాడు. చెయ్యి ఊపుతున్నాడు."

"నాకా?"

"మీకు కాదు. వాల్ట్‌కి. వెళ్ళిపోయాడు. ఇక లేవండి, నిటారుగా కూర్చోండి. వాల్ట్ వస్తున్నాడు."

"రెనెటా. టాలివర్ గారూ. అమ్మా, నమస్కారం. ఇందాక అలా చెప్పాల్సొచ్చింది, టాలివర్ గారూ, కింద ఉంటాడని, మంచివాడని..."

"మంచివాడన్నందుకు థాంక్స్. ముందు కప్పు సంగతి చెప్పు."

"వస్తుంది. మూలింటి ధరే చెప్పాడు నోటితో. అంతకంటే కొంచెం ఎక్కువే పడొచ్చు, పియర్ చెట్టు నచ్చింది ఆయనకి. కాగితం రేపు పంపిస్తానన్నాడు."

"సగం కాదు, మొత్తం. విన్నారా టాలివర్ గారూ? అదే ఇల్లు, అదే కప్పు. చేప ఫొటో ఒక్కటే తేడా. గెలిచాం."

"వాల్ట్, గెలిస్తే నీ మొహం అలా ఉందేంటి?"

"ఏం లేదండీ. వెళ్తూ వెళ్తూ ఇంకో మాటన్నాడు. వద్దులెండి."

"నా ఇంటి గురించేనా?"

"మీ ఇంటి గురించే."

"అయితే చెప్పు."

"భుజం మీద చెయ్యేసి, స్నేహంగానే అన్నాడు. అమ్మే ఆలోచనుంటే కింది గదిలో ఆ మనిషిని ముందు ఖాళీ చేయించండి, ఇంకా బాగా పలుకుతుంది అన్నాడు."

"ఆ మాటే అన్నాడా? నీతో? నోటితో? వాల్ట్, రాసుకో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఇప్పుడే రాసుకో. ఇంతకంటే ఏం కావాలి మన కేసుకి?"

"రాసుకున్నాను."

"వాల్ట్."

"చెప్పండి టాలివర్ గారూ."

"ఎప్పట్లోగా ఖాళీ చెయ్యమన్నాడు?"