తెల్లకాగితాల పుస్తకం

పరీక్షలయ్యాక, నాటకం సామాను బడిలో అప్పగించి కూతురు ఇంటికి వచ్చేసరికి తల్లి ఆమె చేతిలో లావుపాటి పుస్తకం పెట్టింది.

“సెలవుల్లో నవల పూర్తిచేస్తానన్నావుగా. నేనే కుట్టాను.”

“కాగితాలెక్కడివమ్మా?”

“నీ నోటుబుక్కుల్లో మిగిలినవే.”

“మరి ఆ నోటుబుక్కులేవి?”

“పొద్దున పాతపేపర్ల బండికి వేసేశా.”

కూతురు పుస్తకాన్ని గబగబా చివరిదాకా తిరగేసింది.

“లెక్కలదీనా?”

“అన్నీ. అదేంటే, అలా అయిపోయావు?”

“రిహార్సల్స్‌లో, పోటీల్లో, ఖాళీ దొరికినప్పుడల్లా దాని వెనక పేజీల్లోనే నవల రాశానమ్మా. ఏడాదంతా.”

“అయ్యో. లెక్కలే అనుకున్నానే.”

“చూడలేదా?”

“చూశానే తల్లీ. రాసిన కాగితం ఒక్కటి కూడా కలవకూడదని, రెండుసార్లు చూసి మరీ ఏరాను.”