కదలని ముల్లు

ఓ పాత చిన్న కారు ఎత్తంతా ఎక్కి, పల్లంలోకి దిగడం మొదలుపెట్టింది. నడుపుతున్నది భార్య. ఎడమచేతికి కట్టుతో భర్త పక్కన కూర్చున్నాడు.

“చూశారా, ఇంత ఎత్తెక్కినా ఇంజిన్ వేడి చూపించే ముల్లు కదల్లేదు. కొన్నప్పటినుంచీ దాన్ని చూస్తేనే నాకు గుండెదడ. వారం నుంచి ప్రాణం హాయిగా ఉంది.”

“ఊఁ. కాసేపు పక్కన ఆపుదామా?”

“ఎందుకూ? ఇంకోసారి ఆలస్యమైతే పనిలోకి రావద్దన్నారుగా!”

“రేడియేటర్లో కాస్త నీళ్లు పోద్దాం. ఊరికే.”

“మీ మొహం చూస్తే ఊరికేలా లేదు. అవునూ, ఏంటీ మాడు వాసన?”

“ఆపవే ముందు! ఆ ముల్లు తీగ నేనే పీకేశాను.”

“ఏంటీ?”

“అది కాస్త లేస్తే చాలు, బండి ఆపేసి కూర్చునేదానివి. రెండుసార్లు ఆలస్యమైంది అందుకే కదా. రోజూ పొద్దున్నే నేనే నీళ్లు పోస్తున్నాను. ఇవాళ మర్చిపోయాను.”

“బుద్ధుందా మీకు? చవగ్గా వచ్చిందని కొన్నారు, సరే. బండిని వదిలేసి నా భయాన్ని బాగు చేస్తారా?”

“తప్పయిపోయింది. పక్కకి తియ్.”

“తీస్తున్నా. ఉండండి... బ్రేకులు పాడైతే వెలిగే ఎర్ర లైటు కూడా వారం నుంచి వెలగట్లేదు. మెకానిక్ బ్రేకులు బాగు చేశాడన్నారు మీరు.”

భర్త సీటు బెల్టు బిగించుకున్నాడు.

“మిమ్మల్నే! మీరు పీకింది ఒక్క తీగేనా?”

అతను కుడిచేతిని హ్యాండ్‌బ్రేకు మీద వేశాడు.

“గేరు తగ్గించు. ఇది నేను లాగుతాను.”